రెండు పూటల అత్తగారు

పొద్దుటి పూట రాజ్యమ్మగారు నోరు విప్పాక కూడా నిద్రపోగలిగిన మనిషి ఆ క్యాంపులో ఇంకా పుట్టలేదు. బాన్సువాడకి దగ్గర్లో, కాలువ నీళ్ళ కింద వరి వేసుకుంటూ, తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊరది. ఊరు చిన్నది, ఆవిడ గొంతు పెద్దది.

"శివా, ట్రాక్టరు తాళాల కోసం ఇల్లంతా వెతుకుతున్నావు, వాటి మీదే కూర్చున్నావురా, లే! ఏమండీ, పేపర్లో ఊళ్ళన్నిటినీ తర్వాత ఉద్ధరిద్దురు గానీ, కళ్ళంలో వడ్ల మీద పట్టా కప్పించారా? వనజా, పచ్చడి నువ్వు రుచి చూడకే తల్లీ, ఉప్పు ఎక్కువైనా బాగుందంటావు, తక్కువైనా బాగుందంటావు!"

కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్న వనజ లోపల్లోపల నవ్వుకుంది. ఈ అత్తగారంటే ఆమెకి ఇష్టమే. చిక్కంతా రెండో అత్తగారితోనే వచ్చింది.

వనజ లెక్కలో ఆ ఇంట్లో తనకి ఇద్దరత్తలు. ఒకరు పొద్దుటి అత్తగారు. గలగలా మాట్లాడుతుంది, తిడుతుంది, నవ్వుతుంది, నవ్విస్తుంది. రెండో ఆవిడ సాయంత్రపు అత్తగారు. దీపాలు పెట్టే వేళకి వచ్చి కూర్చుంటుంది. మాట ఉండదు, నవ్వు ఉండదు. చీర మాత్రం పొద్దుటావిడదే.

పెళ్ళయిన కొత్తలోనే ఆ ఇంట్లో వంట దగ్గర రాజీ కుదిరింది. వనజది బాన్సువాడ. తల్లి శారదమ్మ బీడీలు చుట్టి కూతుర్ని డిగ్రీ చదివిస్తే, కూతురు డిగ్రీతో పాటు క్యాంపు పిల్లాడు శివప్రసాద్‌ని కూడా సంపాదించుకుంది. అలా గోంగూర లేనిదే ముద్ద దిగని ఇంట్లోకి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెలిసిన పిల్ల వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు ఒక పొయ్యి ముందు నిలబడితే ఏమవుతుందో రాజ్యమ్మగారికి బాగా తెలుసు. "పొద్దున వంటిల్లు నాది, సాయంత్రం నీది. ఒకరి గిన్నెలో ఒకరం గరిటె పెట్టొద్దు" అని ఒక్క మాటలో తేల్చేసింది. మామగారు బసవపున్నయ్యకి షుగరు. రాత్రి పూట రొట్టెలు ఆయనకి మందులా కలిసొచ్చాయి. అలా ఏళ్ళు ఏ పేచీ లేకుండా గడిచాయి.

ఈ యాసంగి పంట నాట్లప్పుడు మొదలైంది ఇదంతా. పొద్దున తను వండుకున్నది ఆవిడ చివరి మెతుకు దాకా తింటుంది. అదే మనిషి సాయంత్రం వనజ పెట్టిన కంచంలో సగం వదిలేస్తుంది. వదిలేసి లేచిపోయినా బాగుండేది. గడ్డం కింద చెయ్యి ఆనించుకుని, ఒక కన్ను సగం మూసి, ఎవరో పరాయివాళ్ళింటి పెళ్ళిభోజనాన్ని చూసినట్టు కోడలి వైపు చూస్తూ కూర్చుంటుంది.

"ఏందత్తమ్మా, రొట్టె గట్టిగున్నదా?" అని వనజ అడుగుతుంది.

ఆవిడ తల అడ్డంగా ఊపుతుంది.

"పులుసుల కారం ఎక్కువైందా?"

తల మళ్ళీ అడ్డంగానే ఊగుతుంది. కన్ను ఇంకాస్త మూతపడుతుంది.

తెల్లారి లేచాక అదే ప్రశ్న వేస్తే, "రొట్టెకేం తల్లీ, దూదిలా ఉంది! నీ చేతికి ఆ పనితనం ఎలా వచ్చిందే!" అని మెచ్చుకుంటుంది. దూదిలా ఉన్న రొట్టెని సగం వదిలేసిన మనిషి మెచ్చుకుంటుంటే ఏ కోడలు మాత్రం సంతోషిస్తుంది? ఎత్తిపొడుపు అనుకుంటుంది. వనజా అదే అనుకుంది. అనుకున్నాక రొట్టెలు ఇంకా మెత్తగా చేసింది. నెయ్యి రాసింది. అన్నం వండింది. ముద్దపప్పు చేసింది. ఏం చేసినా పొద్దుటి కంచం ఖాళీ, సాయంత్రపు కంచం సగం.

ఒంట్లో బాగాలేదేమోనన్న అనుమానం రాకపోలేదు. నిరుడు ఆవిడకి కామెర్లు వచ్చాయి. బిచ్కుంద దగ్గర ఎవరో పసరు పోస్తారంటే పోయించారు. ఆవిడ ఒక్కతే ఉప్పులేని కూడు తినాలంటే బాధని ఇంటిల్లిపాదీ పథ్యం చేశారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చాయి. చివరికి నిజామాబాద్‌లో కాలేయం డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. "ఇవి నీళ్ళ వల్ల వచ్చిన కామెర్లు కావమ్మా. రోగాలతో కొట్లాడాల్సిన ఒంట్లోని కాపలాదళం దారి తప్పి, మీ కాలేయాన్నే శత్రువనుకుని కొడుతోంది" అని చెప్పి స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు. పచ్చదనం పోయింది. రక్తపరీక్షలు దారికొచ్చాయి. మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాడు. ఆయన దగ్గరికి వెళ్ళేది ఎప్పుడూ తెల్లవారుజామునే, శివప్రసాద్ కార్లో. పొద్దున్నే తాజాగా వచ్చి, "నాకేం డాక్టరుగారూ, గుండ్రాయిలా ఉన్నాను" అని నవ్వే పేషెంటు ఆయనకి బాగా నచ్చింది. పాపం, సాయంత్రపు రాజ్యమ్మగారిని ఆయన ఎన్నడూ చూడలేదు.

డాక్టరే బాగుందన్నాక ఇంక ఒంటి మీద నెపం పెట్టడానికి లేదు. మిగిలింది వనజే.

"తినకుంటే తినకపాయె. నువ్వైతే కడుపు నిండ తిను" అంది ఫోన్లో శారదమ్మ. తల్లి సలహా వనజకి నచ్చింది గానీ నిద్ర పట్టించలేదు. రెండు రోజులు ఆలోచించి మొగుడి దగ్గర బయటపెట్టింది.

"శివా, బాన్సువాడల కిరాయిల్లు ఒకటి చూసిన. మా అమ్మోళ్ళ గల్లీకి దగ్గర. పొలానికి నువ్వు బండి మీద పోయి రావొచ్చు."

శివప్రసాద్ బిత్తరపోయాడు. "అమ్మ ఏమన్నా అందా?"

"అంటే మంచిగుండు. ఏం అనకనే కదా ఇదంత!"

"వడ్లు కాంటా అయ్యాక మాట్లాడుకుందాంలే."

ఆ ఇంట్లో ముఖ్యమైన పనులన్నీ వడ్లు కాంటాకెక్కి అమ్ముడయ్యాకే జరుగుతాయి. తమకి పిల్లలు పుట్టినా కాంటా అయ్యాకే పుడతారని వనజ నమ్మకం. కానీ ఆ కిరాయింటావిడ ఈ వారంలో మాట చెప్పమంది. అత్తగారితో ఉండిపోవాలా, వెళ్ళిపోవాలా అన్నది వనజ ఒక్కతే తేల్చుకోవాల్సి వచ్చేట్టుంది.

సరిగ్గా ఆ పొద్దునే, వంకాయలు తరిగి లేచేసరికి, పిట్లం నుంచి ఆడపడుచు సిరీష దిగింది. చేతిలో సంచీ, సంచీలో నాటుకోడి. కోడి మాంసంగా మారే వచ్చింది గానీ, సిరీష మొహం చూస్తే ఇంకా ఎవరినో కొయ్యాలనే ఉన్నట్టుంది.

"ఇదేంటమ్మా ఇలా అయిపోయావు? జాకెట్టు భుజాల మీద నిలవటం లేదు!"

"ఎండలే. ఎండలకి అందరూ చిక్కుతారు. నీ మొగుడొక్కడే లావెక్కుతాడు" అని రాజ్యమ్మగారు కూతుర్ని నవ్వించబోయింది.

సిరీష నవ్వలేదు. తల్లి పొద్దున్నే ఇడ్లీలు తినటం చూసింది. మధ్యాహ్నం పప్పన్నం తినటం చూసింది. తర్వాత వనజని పెరట్లోకి పిలిచింది.

"వదినా, అమ్మ సాయంత్రం ఏం తింటోంది?"

"సగం తింటున్నరు."

"ఎప్పట్నుంచి?"

"నాట్లప్పటి సంది."

"అంటే ఇన్ని నెలలుగా మా అమ్మ అర్ధాకలితో పడుకుంటోందా? ఒక్క ఫోన్ చెయ్యాలనిపించలేదా నీకు?"

"చేసి ఏం చెప్పాలె సిరీషా? నా వంట మీ అమ్మకు నచ్చుతలేదని నేనే ఊరంత దండోరా వెయ్యాల్నా?"

"రొట్టెలు పడవని తెలిసి కూడా అవే పెడితే ఎవరు తింటారు?"

"అన్నం గూడ వండిన. పప్పు గూడ చేసిన. నెయ్యి పోసిన. నీళ్ళొక్కటే నేను చెయ్యలే, కాలువల నుంచి వచ్చినయి."

సిరీష చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుంది. "సరే. ఈ పూట వంటింట్లోకి నువ్వు రాకు. మా అమ్మకి ఏం ఇష్టమో నాకు తెలుసు."

వనజ నిజంగానే రాలేదు. వాకిట్లో కూర్చుని, వంటింట్లోంచి వచ్చే మసాలా వాసన పీలుస్తూ, తన ఓటమి కోసం ఎదురుచూసింది. అత్తగారు కూతురి వంట శుభ్రంగా తింటుంది. దాంతో విషయం తేలిపోతుంది. తేలిపోతే కిరాయింటికి వెళ్ళడానికి ఇంక ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏడుపొస్తుందనుకుంది గానీ, విచిత్రంగా ఆకలేసింది.

పొద్దుగూకుతుండగా అందరూ కంచాల ముందు కూర్చున్నారు. నాటుకోడి కూర, గారెలు, పెరుగు. రాజ్యమ్మగారి కంచం వైపు నాలుగు జతల కళ్ళు. ఆవిడ ఒక ముద్ద తింది. రెండో ముద్ద చాలాసేపు నమిలింది. నమిలి నమిలి, అలసిపోయినట్టు ఆగిపోయింది. మూడో ముద్ద నోటి దాకా వెళ్ళి కంచంలోకి తిరిగొచ్చింది. చెయ్యి గడ్డం కిందకి చేరింది. ఎడమ కన్ను మెల్లగా మూతపడింది.

కూతురి వంటా సగమే!

వనజ మనసులో చిన్న టపాకాయ పేలింది. ఇది మంచి పద్ధతి కాదని ఆమెకి తెలుసు. తెలిసీ ఆ చప్పుడు బయటికి రాకుండా ఆపలేకపోయింది.

"ఏంది సిరీషా, ఉప్పు తక్కువైందా?"

సిరీష కంచం పక్కకి తోసింది. "నవ్వుతున్నావా వదినా? ఏం నూరిపోశావో, నా చేతి ముద్ద కూడా తినటం లేదు మా అమ్మ!"

"నేనా? నూరిపోసుడు? మీ అమ్మ నాతోని మాట్లాడితే కదా, నేనేమన్న నూరిపోసేది!"

"మాట్లాడదా? పొద్దున్నించీ నీ పేరు వంద సార్లు పిలిచింది."

"గదే నేననేది! పొద్దున ఒక తీరు, పొద్దుగూకితే ఒక తీరు. నా ముంగట కూసోని, ఒంటి కన్నుతోని పురుగును చూసినట్టు చూస్తరు. ఎన్నాళ్ళు చూడాలె? నేనూ మనిషినే కదా!"

బసవపున్నయ్య మెల్లగా లేచి నిలబడ్డాడు. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా ఆయనకి పొలంలో మోటారు గుర్తొస్తుంది. "నేనోసారి మోటారు..." అనబోతే, "కూర్చో నాన్నా!" అని కొడుకూ కూతురూ ఒకేసారి అరిచారు. ఆయన కూర్చున్నాడు.

వనజకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇగ చాలు. కాంటా లేదు ఏం లేదు. శివా, నేను రేపే పోతున్న. నువ్వు వస్తే రా, లేకుంటే వడ్లకు కావలి ఉండు."

రాజ్యమ్మగారు ఉలిక్కిపడింది. ఏదో చెప్పబోయింది. "వ... నజ..." అన్న మాట నోట్లోంచి కాకుండా ముక్కులోంచి వచ్చినట్టు వచ్చింది. ముద్ద నోట్లో ఉన్నట్టు నాలుక తడబడింది. కంగారుగా మంచినీళ్ళ గ్లాసు ఎత్తి ఒక గుక్క పోసుకుంది. ఆ నీళ్ళు ముక్కులోంచి బయటికొచ్చేశాయి. పొలమారి ఒకటే దగ్గు.

"చూడు, పెద్దావిడని ఎలా ఏడిపించావో!" అంటూ సిరీష తల్లి వీపు నిమరసాగింది.

వనజ అప్పటికే ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఇన్ని నెలల్లో ఆ సాయంత్రపు మొహాన్ని అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. దూరం నుంచే చూసి, దూరం నుంచే అర్థం చేసుకుని, దూరం నుంచే కోపం తెచ్చుకుంది. ఇప్పుడు దగ్గు ఆగాక రాజ్యమ్మగారు చెయ్యి కిందకి దించితే, దవడ కూడా చేతితో పాటే కిందకి జారింది. ఆవిడ గబుక్కున మళ్ళీ వేళ్ళతో దాన్ని పైకి ఎత్తి పట్టుకుంది.

అది ఠీవి కాదు. ఆ చెయ్యి లేకపోతే నోరు మూసుకోదు.

"అత్తమ్మా," అంది వనజ. "కన్ను తెరువుండ్రి."

ఆవిడ నుదురు ముడుచుకుంది. కనుబొమ్మ పైకి లేచింది. రెప్ప మాత్రం లేవలేదు.

"తెరవరాదా మీకు? కోపంతోని మూసుకున్నది కాదా అది?"

రాజ్యమ్మగారు తల అడ్డంగా ఊపింది. మూతపడ్డ ఆ కంట్లోంచి ఒక చుక్క జారింది.

"శివా! కారు తియ్యి!" అంది వనజ. కాంటా సంగతి శివప్రసాద్‌కి కూడా గుర్తురాలేదు.

బాన్సువాడ దవాఖానలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. ముందు ఊపిరి ఎలా ఆడుతోందో చూసింది. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"పొద్దున ఎట్లుంటరు ఈమె?"

"మైకు పెట్టినట్టుంటరు" అంది వనజ.

"పొద్దుగూకినంక?"

"కరెంటు పోయినట్టు."

డాక్టరమ్మ తల పైకెత్తి చూసింది. "అమ్మా, నా వేలు చూడండి. పైకే చూస్తూ ఉండండి." రాజ్యమ్మగారు చూసింది. చూస్తుండగానే రెండు రెప్పలూ దుకాణం షట్టర్లలా మెల్లగా కిందకి దిగిపోయాయి.

"ఒక్క వస్తువు రెండు లెక్క కనిపిస్తున్నదా?"

రాజ్యమ్మగారు తల ఊపి, వనజ వైపు చూపించి, రెండు వేళ్ళు ఎత్తింది.

"ఈమె ఇద్దరి లెక్క కనిపిస్తున్నదా? అందుకేనా సగం పడ్డ రెప్పను మీరే పూర్తిగ మూసుకునేది, ఒక్కతే కనిపించాలని?"

అవునన్నట్టు ఆవిడ తల వాల్చింది. ఇంత ఆందోళనలోనూ శివప్రసాద్ గతుక్కుమన్నాడు. ఒక్క వనజనే తట్టుకోలేకపోతున్న మనిషాయె. వనజ మాత్రం గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తనకి ఇద్దరత్తలున్నారని తను లెక్కేసుకుంటుంటే, ఎదురుగా కూర్చుని ఆవిడ ఇద్దరు కోడళ్ళని చూస్తోందన్నమాట. పైగా ఒక్కదాన్నే మిగుల్చుకోవాలని కన్ను మూసుకుంది. వనజ ఆ ఒక్క కన్నుకే కిరాయిల్లు వెతుక్కుంది.

"కొంచెం ఐసు కావాలె" అంది డాక్టరమ్మ. శివప్రసాద్ పరుగున వెళ్ళి బయట సోడాబండి నుంచి గడ్డ తెచ్చాడు. దాన్ని గుడ్డలో చుట్టి ఎడమ రెప్ప మీద కాసేపు ఆనించి ఉంచింది. తీసేసరికి ఆ రెప్ప లేచి ఉంది! ఎన్నో సాయంత్రాల తర్వాత రాజ్యమ్మగారి ఎడమ కన్ను కోడల్ని పూర్తిగా చూసింది. సిరీష "అమ్మా!" అని ఏడ్చేసింది.

"సంబురపడకుండ్రి, మళ్ళీ పడిపోతది. కాని దీంతోని నా అనుమానం గట్టిపడ్డది" అంది డాక్టరమ్మ. "నరం చెప్పిన మాట కండరానికి అందాలె కదా. ఆ రెండింటి నడుమ ఉన్న వాకిలిని ఒంట్లోని కాపలాదళమే మూసేస్తున్నది. మయస్తీనియా అంటరు. వాడినకొద్దీ కండరం అలసిపోతది, పండుకొని లేస్తే మళ్ళీ బలమొస్తది. అందుకే పొద్దున మంచిగుంటరు."

"కాలేయం జబ్బే ఇట్లా అయిందా డాక్టర్?" అన్నాడు శివప్రసాద్.

"కాదన్నా, ఇది వేరు. గుణం మాత్రం ఒక్కటే, సొంత దళం సొంత ఇంటినే కొట్టుడు. రెండూ ఒకే మనిషికి రావడం చానా అరుదు, కాని వస్తది. మింగుడు కష్టమైతున్నది, ఇది ఊపిరి మీదికి రావొద్దు. ఇప్పుడే హైదరాబాద్ పంపిస్త."

ఆంబులెన్సులో రోగితో పాటు ఒక్కరికే చోటుంది. సిరీష ఎక్కబోయి ఆగి, వదిన చెయ్యి పట్టుకుంది. "నువ్వెక్కు వదినా. నువ్వు చూశావు, నేను అరిచాను." ఆ చెయ్యి వదలకుండానే, "నేనన్న మాటలు మనసులో పెట్టుకోకు" అంది.

"ఒక్కటి గూడ మరిచిపోలే. ఇంటికొచ్చినంక వరుసగ అప్పజెప్త" అంది వనజ, ఆడపడుచు కళ్ళు తుడుస్తూ.

హైదరాబాదులో పెద్ద డాక్టర్లు అన్ని పరీక్షలూ చేశారు. రక్తపరీక్ష చిన్న డాక్టరమ్మ మాటనే ఖాయం చేసింది. ఛాతీ స్కానులో గడ్డ లాంటిది ఏమీ లేదన్నారు. కాలేయం కోసం ఇచ్చిన స్టెరాయిడే ఇన్నాళ్ళూ రెండో జబ్బుని కూడా అణిచిపెట్టి ఉండొచ్చనీ, అది తగ్గించేసరికి ఇది తల ఎత్తి ఉండొచ్చనీ నరాల డాక్టరు చెప్పాడు. ఆయనా నిజామాబాద్ డాక్టరూ ఫోన్లో మాట్లాడుకుని, కాలేయాన్నీ కండరాన్నీ కలిపి కాపాడే మందులు కుదిర్చారు. వాటి గుణం తెలియడానికి సమయం పడుతుంది. ఈలోపు భోజనానికి ముందు వేసుకోవడానికి ఒక చిన్న మాత్ర. అది వేసుకున్న అరగంటకి దవడకి బలమొస్తుంది, గొంతు తెరుచుకుంటుంది. అప్పుడు తినాలి.

ప్రమాదం దాటిందని చెప్పిన రోజు సాయంత్రం, వార్డు బయట బల్ల మీద అత్తాకోడళ్ళు కూర్చున్నారు. సిరీష భోజనం తేవడానికి కిందకి వెళ్ళింది. పెద్దావిడ మాత్ర అప్పుడే వేసుకుంది. రాజ్యమ్మగారికి ఇంకా గొంతు రాలేదు. వనజ అటూ ఇటూ చూసింది. ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకుంది.

"అత్తమ్మా, ఇప్పుడు మీరు మాట్లాడలేరు, నేను మాట్లాడకుండ ఉండలేను. కోడలికి గిసొంటి మోకా మళ్ళ దొరకది. అందుకే చెప్తున్న, వినుండ్రి."

ఆవిడ కళ్ళల్లో నవ్వు కదిలింది.

"మీరు నా వంట తింటలేరని నేను లోపల్లోపల మస్తు తిట్టుకున్న. మీ చూపును తిట్టుకున్న. మీ గడ్డం కింద చెయ్యిని గూడ తిట్టుకున్న. బాన్సువాడల కిరాయిల్లు మాట్లాడుకున్న. మీకు తిన చాతనైతలేదన్న అనుమానం ఒక్కనాడు గూడ నాకు రాలే. డిగ్రీ చదివిన నేను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఎందుకు చెప్పలే అత్తమ్మా? పొద్దున మంచిగనే మాట్లాడుతుండ్రి కదా, అప్పుడన్న ఒక్క మాట చెప్పొద్దా?"

రాజ్యమ్మగారు చెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు సైగ చేసింది. వనజ ఆగింది. ఇద్దరూ ఆ మాత్ర పనిచెయ్యడం కోసం కూర్చున్నారు. ఒక నర్సు వెళ్ళింది. ఒక ముసలాయన చక్రాల కుర్చీలో వెళ్ళాడు. కిటికీ అవతల ఆకాశం ఎర్రబడి నీలంగా మారింది. రాజ్యమ్మగారు ఒకసారి గొంతు సవరించి చూసుకుని తల అడ్డంగా ఊపింది. ఇంకా లేదు. మళ్ళీ సవరించింది. ఈసారి గొంతు వచ్చింది, కాస్త బొంగురుగా, కానీ ఆవిడదే.

"ఆ కిరాయింటి సంగతి నాకు తెలుసే."

వనజ తెల్లబోయింది.

"నువ్వు పెరట్లో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. సరే, ఇంకేముంది అనుకున్నాను. నిరుడు ఒక జబ్బుకే ఇంటిల్లిపాదీ ఉప్పులేని కూడు తిన్నారు. నువ్వైతే పసిపిల్లని సాకినట్టు సాకావు. ఇప్పుడు రెండో జబ్బు కూడా పట్టుకుందంటే ఈ పిల్ల ఎన్నాళ్ళని చేస్తుంది, నేనేం చెప్పకపోయినా కనిపెట్టి వెళ్ళిపోతోంది, న్యాయమే కదా అనుకున్నాను. నాట్లప్పటి నుంచీ ఈ సంగతి నీతో చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. పొద్దున గొంతుండేది, ధైర్యం ఉండేది కాదు. సాయంత్రానికి ధైర్యం కూడదీసుకునేదాన్ని, అప్పటికి గొంతు పోయేది. ఇంక చేసేదేముంది? నీ మొహం చూస్తూ కూర్చునేదాన్ని. నువ్వు వెళ్ళిపోతావని తెలిశాక మరీను, ఉన్నన్నాళ్ళైనా చూసుకుందామని."

ఆ చూపు అదన్నమాట.

వనజకి ఇంక ఆగలేదు. పెద్దావిడ ఒళ్ళో తల పెట్టుకుని, ఆసుపత్రి అని కూడా చూడకుండా వెక్కివెక్కి ఏడ్చింది. రాజ్యమ్మగారు ఆమె తల నిమురుతూ ఏడవనిచ్చింది. కాసేపయ్యాక అడిగింది.

"ఇంతకీ ఆ ఇల్లు ఎలా ఉందే?"

"ఏ ఇల్లు?"

"కిరాయిల్లు. గాలీ వెలుతురూ వస్తాయా?"

వనజ ముక్కు తుడుచుకుంటూ తల ఎత్తింది. "వస్తయి. కిటికీలు పెద్దగున్నయి."

"నీళ్ళు?"

"దినాం వస్తయి."

"దవాఖాన దగ్గరేనా? నెల నెలా రక్తపరీక్షలన్నారు కదా."

"నడిచి పోవచ్చు. కని ఎందుకడుగుతుండ్రు అత్తమ్మా? నేనెక్కడికి పోత ఇప్పుడు?"

రాజ్యమ్మగారు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కిటికీ వైపు చూసింది. ఆవిడ ఏం ఆలోచిస్తోందో అర్థమై, వనజ ముందు బిత్తరపోయింది, తర్వాత నవ్వింది. ఏడుపు ఇంకా పూర్తికాకుండానే వచ్చిన నవ్వు కావడంతో ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. కోడల్ని చూసి అత్తగారికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు వరండా చివరిదాకా వినిపించింది. నర్సు తొంగిచూసింది.

భోజనం పొట్లాలతో పైకొచ్చిన సిరీష, వదిన చెంపల మీద కన్నీళ్ళూ అమ్మ కళ్ళల్లో నీళ్ళూ చూసి హడలిపోయింది.

"ఏమైంది? అమ్మా, ఏమైంది? డాక్టర్ని పిలవనా?"

"ఏం కాలేదే" అంది రాజ్యమ్మగారు, క్యాంపు మొత్తానికీ వినిపించే గొంతుతో. "మీ నాన్ననీ అన్ననీ వడ్లకి కాపలా పెట్టి, మీ వదినా నేనూ వేరు కాపురం పెడుతున్నాం."